సూది మధ్యలోనే ఉంది

నాన్నగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. చివర్లో అమ్మ ఇరికించి రాసిన నాలుగు వాక్యాలూ చదివాను. ఉద్యోగం మామూలే, ఈ నెలంతా పొద్దుటి షిఫ్టు, చెప్పుకోవడానికేం లేదు. చలి మొదలైంది. ఇక నేను కొన్న పాత కారు గురించి మీరు రాసిన రెండు పేజీల సంగతి.

బావగారు "ఇరవై ఏళ్ల నాటి తుక్కు" అన్నారట. తుక్కు కాదండీ. 2003 నాటి బీఎండబ్ల్యూ 330ఐ, మాన్యువల్ గేరు. మూడు లీటర్ల ఇంజిన్, ఒకే వరసలో ఆరు సిలిండర్లు, 231 హార్స్‌పవర్, తిరిగేవి వెనక చక్రాలు. 1998లో వచ్చిన ఈ తరాన్ని ఈ46 అంటారు. బావగారి కొత్త బండికి వారంటీ ఉంది, సంతోషం. పాత బండికి వారంటీ ఉండదు గానీ, దాని రోగాలన్నీ ఈపాటికి బయటపడిపోయి ఉంటాయి. ఏ భాగం దేనివల్ల పోతుందో, ఏ వయసులో పోతుందో మెకానిక్కులందరికీ తెలుసు. అది పోకముందే మార్చేస్తే రోజూ తిప్పుకోవచ్చు. పోయాక మారుద్దామనుకునేవాడు మాత్రం దీని జోలికి రాకూడదు. ఆ మాట బావగారితో నేనూ ఒప్పుకుంటాను.

"దారిలో ఆగిపోతే?" అని అమ్మ అడిగింది. ఈ బండిని దారిలో ఆపగలిగేది ముఖ్యంగా వేడి. మిగతా జబ్బులన్నీ ముందు వాసనగానో చప్పుడుగానో చెప్పి వస్తాయి. ఇది చెప్పదు. అందుకని దీని గురించే ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఇంజిన్ బ్లాకు అల్యూమినియం, దానిపైన మూతలా ఉండే హెడ్డూ అల్యూమినియమే. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, పోయి ఒక్కసారి గట్టిగా వేడెక్కిందంటే హెడ్డు వంకర పోతుంది. అంతకన్నా ఘోరం, హెడ్డు బోల్టులు బిగిసే మరలు బ్లాకులోంచి ఊడొస్తాయి. అప్పుడు ఆ రెంటి మధ్య ఉండే గాస్కెట్ మార్చి సరిపెట్టుకోవడం కుదరదు, బ్లాకులో కొత్త మరలు కోయించాలి, లేదా ఇంజినే మార్చాలి. మరి కూలెంట్ ఎందుకు పోతుందంటే, దాన్ని పట్టి ఉంచే భాగాల్లో సగం ప్లాస్టిక్కే. కూలెంట్‌ను రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ మామూలుగా 97 డిగ్రీల దగ్గర గానీ తెరుచుకోదు. పెట్రోలు తక్కువ తాగాలని, పొగ శుభ్రంగా ఉండాలని ఇంజిన్‌ను అంత వేడిగా నడిపిస్తారు. రోజూ ఆ వేడికి ఉబ్బి, రాత్రి చలికి ముడుచుకుని, పదేళ్లకు ఆ ప్లాస్టిక్ అప్పడంలా పెళుసెక్కుతుంది. కూలెంట్ పోసే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు అతుకు దగ్గర చీలుతుంది. రేడియేటర్‌కి పై గొట్టం తగిలించే మెడ విరుగుతుంది. వాటర్ పంపు బేరింగు అరుగుతుంది. కొన్ని పంపుల్లో లోపల తిరిగే రెక్కలు కూడా ప్లాస్టిక్కే, అవి ఇరుసు మీద వదులైతే పంపు తిరుగుతున్నట్టే ఉంటుంది, నీళ్లు మాత్రం కదలవు.

కాబట్టి లక్ష కిలోమీటర్లకు ఒకసారి, తక్కువ తిరిగే బండైతే ఎనిమిది పదేళ్లకు ఒకసారి, అన్నీ కలిపి ఒకేసారి మార్చాలి: రేడియేటర్, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, దాని మూత, వాటర్ పంపు, థర్మోస్టాట్, పై గొట్టం, కింది గొట్టం, కింది గొట్టంలో ఉండే సెన్సర్ తాలూకు రబ్బరు రింగు, బెల్టులు, బెల్టు టెన్షనర్, ఐడ్లర్ పుల్లీ. పంపు లోహపు రెక్కలది తీసుకోవాలి. పగిలినదొక్కటే మారిస్తే డబ్బు మిగిలినట్టు అనిపిస్తుంది. కానీ కొత్త ట్యాంకు ప్రెషర్ బాగా నిలబెడుతుంది, ఆ ప్రెషర్ వెళ్లి పాత గొట్టం మెడ మీద పడుతుంది. ఆర్నెల్లలో అది పోతుంది. నా బండికి ఈ జాబితా అంతా కొనగానే అయిపోయింది, అమ్మకి చెప్పండి.

మార్చాక కూలెంట్ దారుల్లో చిక్కిన గాలి తీయడం ఇంకా ముఖ్యం. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉంటే మంచిది. తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్ చెయ్యాలి, స్టార్ట్ చెయ్యకూడదు. హీటర్ వేడి పూర్తిగా పెంచి, ఫ్యాను అన్నిటికన్నా తక్కువలో పెట్టాలి, అప్పుడే హీటర్ వాల్వు తెరుచుకుని అందులోని గాలి కూడా బయటికొస్తుంది. ట్యాంకు మూత పక్కనే ఉండే ప్లాస్టిక్ బ్లీడ్ స్క్రూ విప్పి, కూలెంట్‌ను సన్న ధారగా పోస్తూ ఉండాలి. ఆ రంధ్రంలోంచి ముందు బుడగలు వస్తాయి. బుడగలు ఆగి ఒట్టి కూలెంటే వచ్చేదాకా పోసి, స్క్రూ చేత్తో బిగించినంత బిగించాలి. ఎక్కువ తిప్పితే దాని మరలే పోతాయి. మొత్తం ఎనిమిది లీటర్ల పైచిలుకు పడుతుంది. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. కుళాయి నీళ్లు పోస్తే అందులోని ఉప్పు రేడియేటర్ సన్న గొట్టాల్లో పొలుసు కడుతుంది. కూలెంట్ రంగు చూసి కొనకూడదు, సీసా మీద ఈ ఇంజిన్‌కి సరిపోతుందని రాసి ఉందో లేదో చూడాలి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్లీ మూత తీసి ట్యాంకులో తేలే పుల్ల ఎంత ఎత్తులో ఉందో చూసుకోవాలి. వేడి మీద మూత తీస్తే ముఖం కాలుతుంది, ఇది మీకు చెప్పక్కర్లేదు.

ఇంతకీ అసలు మోసం డాష్‌బోర్డులో ఉంది. వేడి చూపించే సూది ఇంజిన్ వేడెక్కాక మధ్యలోకొచ్చి నిలబడుతుంది. మనిషి కంగారు పడకుండా ఉండాలని దాన్ని అలా తయారుచేశారు. లోపల వేడి చాలా డిగ్రీలు అటూ ఇటూ అయినా అది కదలదు. అది కదిలి కుడివైపు ఒరిగిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. అచ్చం ఫోన్లో అమ్మ లాగే. ఏమడిగినా "బాగానే ఉన్నాను" అంటుంది. అందుకని స్టీరింగు కింద ఉండే సాకెట్‌కి బండి కంప్యూటరు అంకెలు చదివే చిన్న ఓబీడీ రీడర్ తగిలించి అసలు అంకె చూస్తాను. హైవే మీద తొంభైల్లో ఉంటుంది. వంద దాటి ఎక్కుతూనే ఉంటే పక్కకు తీసి ఇంజిన్ ఆపెయ్యాలి. పక్కకు తీసే ఆ కాసేపు హీటర్ పూర్తిగా పెడితే ఇంజిన్ వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది, ఇంజిన్‌కి ఊపిరి అందుతుంది. "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అనుకోకూడదు. ఆ రెండు కిలోమీటర్లే హెడ్డును తినేస్తాయి.

అక్క పిల్లల పరీక్షలు అయిపోయాయా? చిన్నదానికి లెక్కల్లో భయం పోయిందా లేదా రాయమనండి.

ఆయిల్ గురించి మీరడిగారు. ఫిల్టరుతో కలిపి ఆరున్నర లీటర్లు పడుతుంది. 5డబ్ల్యూ-30 రకం, డబ్బా మీద బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-01 అని ఉండాలి. బండి కంప్యూటరు ఇంకా పాతికవేల కిలోమీటర్లు పోవచ్చని చూపించినా వినకూడదు, పన్నెండు వేలకు మార్చెయ్యడమే. ఫిల్టరు మూతకీ కింద డ్రెయిన్ బోల్టుకీ బిగింపు 25 న్యూటన్ మీటర్లే. కొత్త రాగి వాషరు, మూతకి కొత్త రబ్బరు రింగు. ఈ ఇంజిన్ కొంచెం ఆయిల్ తాగుతుంది, అందుకే వెయ్యి కిలోమీటర్లకోసారి ఆయిల్ పుల్ల (డిప్‌స్టిక్) తీసి చూడాలి. పుల్ల మీద రెండు గుర్తుల మధ్య తేడా ఒక లీటరు.

ఆయిల్ అకస్మాత్తుగా ఎక్కువ తాగిందంటే ముందు పిస్టన్లను అనుమానించకండి. ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి, పంపే వాల్వు ఒకటి ఉంది, ఇన్‌టేక్ మేనిఫోల్డు కింద దాక్కుని. దాంట్లోంచి విడిపోయిన ఆయిల్ ఒక సన్న గొట్టం గుండా డిప్‌స్టిక్ గొట్టంలోకి దిగాలి. చలికాలంలో ఐదారు కిలోమీటర్లే తిప్పి ఆపేస్తుంటే లోపలి తేమ ఆరదు. తేమా ఆయిలూ కలిసి లేత పసుపు మీగడ కట్టి ఆ దారి మూసుకుపోతుంది. గడ్డ కట్టే చలిలో అది ఇంకా ప్రమాదం. దిగాల్సిన ఆయిల్ అంతా పైకి పీల్చుకుపోయి నీలం పొగ వస్తుంది. మరీ ఎక్కువగా లాగితే సిలిండర్‌లో ఆయిల్ నిండి ఇంజిన్ బిగుసుకుపోగలదు. ఆయిల్ పోసే మూత కింద ఆ మీగడ కనిపించినంత మాత్రాన హెడ్ గాస్కెట్ పోయిందని కాదు, చిన్న ప్రయాణాలు ఎక్కువయ్యాయని. వారానికోసారి అరగంట హైవే మీద తిప్పాలి. వాల్వు, దానికి సంబంధించిన నాలుగు గొట్టాలూ కలిపే మార్చాలి, ఎందుకంటే పాత గొట్టం చెయ్యి తగిలితే చాలు విరుగుతుంది.

కాలిన ఆయిల్ వాసన హీటర్లోంచి వస్తే వాల్వ్ కవర్ గాస్కెట్. అది కారి ఎగ్జాస్ట్ మీద పడుతుంది. ఎడమవైపు ముందు కారితే ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్. ఇది చవక రబ్బరు ముక్కే గానీ వదిలేస్తే ఆయిల్ బెల్టు మీద పడుతుంది, బెల్టు జారితే పంపు ఆగుతుంది, మళ్లీ వేడి దగ్గరికే వచ్చాం చూడండి. బండి ఆగి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు వణుకుతూ, పెట్రోలుకి మించి గాలి వెళ్తోందని చెప్పే పీ0171, పీ0174 రెండు కోడ్లూ రీడర్‌లో కలిసి వస్తే ఎవరైనా సెన్సర్ మార్చమంటారు. ఒప్పుకోకూడదు. ముందు గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో మీటరుకీ, గాలిని ఇంజిన్‌లోకి వదిలే థ్రాటిల్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టం తీసి, మడతలు విప్పి చూడాలి. మడత లోపల చీలిక ఉంటుంది.

బ్రేకు వేస్తే స్టీరింగు వణకడం డిస్కుల వల్లే అని అనుకోవద్దు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్ వెనక రబ్బరు బుష్ చీలినా అంతే. రెండు వైపులా కలిపి మార్చి, వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్‌లు కూడా ఆ వయసుకే పోతాయి, అప్పుడు మలుపులో వెనక భాగం వేరే దారి పడుతున్నట్టుంటుంది. సస్పెన్షన్‌లో రబ్బరు బుష్ బోల్టులను చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగించేస్తే, బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి ఏడాదిలో చిరుగుతుంది. బరువు చక్రాల మీద పడినంత ఎత్తుకు తెచ్చి అప్పుడు బిగించాలి. బ్రేకు ఆయిల్ డాట్ 4, రెండేళ్లకోసారి, తిరిగినా తిరక్కపోయినా. అది గాల్లో తేమను పీల్చుకుంటుంది, తేమ చేరితే తొందరగా మరుగుతుంది, మరిగితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది.

చలికాలం టైర్లు వేశాను. అమ్మకి అదొక్కటీ గట్టిగా చెప్పండి. ఏడు డిగ్రీల కన్నా చలిగా ఉంటే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోతుంది, పైగా ఈ బండికి వెనక చక్రాలే తిరుగుతాయి. రెండు టైర్లే మారుద్దామనుకోకూడదు, నాలుగూ ఒకే రకం ఉండాలి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం. పెద్దగా అరగకపోయినా ఏళ్లు మీరినవి వద్దు. మన స్కూటరు స్టెప్నీ కూడా ఒకసారి చూడండి, అదెప్పటిదో. చక్రాల బోల్టుల బిగింపు 120 న్యూటన్ మీటర్లు, ఎదురెదురుగా బిగించి, యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి.

చిన్నాన్నగారి అబ్బాయి కూడా ఇలాంటిదే కొంటానంటున్నాడట. నా మీద నింద రాకముందే చెబుతున్నాను. అమ్మేవాళ్లను ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దనాలి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చల్లగా ఉందో లేదో చూడాలి. కిలోమీటర్లకన్నా బిల్లులు చూడాలి. బండి ఎత్తించి వెనక యాక్సిల్ తగిలే నాలుగు చోట్లా నేల రేకు చీలిందేమో టార్చి వేసి చూడాలి. ఈ తరానికి అదే పెద్ద లోపం. చీలిక ఉంటే రేకు కోసి, బలం పలకలు వెల్డింగ్ చేయించాలి. అది ఖర్చూ, రోజులూ పట్టే పని, దాన్ని బేరం చేసి తగ్గించుకుని కొనడం కూడా నేను సలహా ఇవ్వను. ఆటోమేటిక్ అయితే గేరు ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదన్న మాట నమ్మొద్దు. మార్చేటప్పుడు ముందు నింపే బోల్టు ఊడుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే కింది బోల్టు విప్పాలి. ఉన్న ఆయిల్ ఒలికించేసి, నింపే బోల్టు ఊడకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. వాడికి నిదానం లేదు, మీకు తెలుసు. వాడికి వేరే బండి చూడమనండి.

రోజూ ఇన్ని చూసుకోవాలా అని మీరు అనుకుంటారు. రోజూ కాదు. ఆదివారం పొద్దున అరగంట. ఆయిల్ పుల్ల, కూలెంట్, టైర్ల గాలి, బండి కింద చుక్క పడిందా అని ఒక చూపు. ఆ అరగంట నాకు బరువు కాదు. ఇక్కడ ఆదివారాలు పొడుగ్గా ఉంటాయి. మూడు వేల ఆర్‌పీఎం దాటాక ఆరు సిలిండర్లూ కలిసి చేసే చప్పుడు ఒకటుంది, దాన్ని కాగితం మీద పెట్టలేను, ఈసారి ఫోన్లో వినిపిస్తాను. బావగారిని పక్కన కూర్చోబెట్టుకోండి.

డిక్కీలో లీటరున్నర కూలెంట్, టార్చి, ఫ్యూజులు, టైరు గాలి కొలిచేది, దుప్పటి ఉన్నాయి. దుప్పటి అమ్మ కోసం రాశాను.

అమ్మ మాత్రలు మార్చారన్నారు, ఎందుకో రాయలేదు. బాగానే ఉంది అని మాత్రం రాయకండి. పొద్దున ఎంతుంది, సాయంత్రం ఎంతుంది, పైదీ కిందిదీ, వారం రోజుల బీపీ అంకెలు వరసగా రాసి పంపండి.

ఇట్లు,
మీ పెద్దాడు