ఆదివారం వేలం: బిడ్ వేసేముందు చదవండి

అందరికీ నమస్కారం 🎩

పాత స్టెట్సన్ (అమెరికా టోపీల కంపెనీ) ఫెడోరాల, అంటే బొచ్చు అదిమి చేసిన ఫెల్ట్ గుడ్డతో కుట్టిన అంచు టోపీల వేలం ఆదివారం రాత్రి 8కి (అమెరికా సెంట్రల్ టైమ్) ముగుస్తుంది. హైదరాబాద్ వాళ్లకి సోమవారం ఉదయం 6:30. షిప్పింగ్, కస్టమ్స్ కలిపి మీ పైధర ఇప్పుడే రాసిపెట్టుకోండి.

శుక్రవారంలోపు అమ్మేవాళ్లని అడగండి:
• లోపలి తోలుపట్టీ బయటికి తిప్పి తీసిన ఫోటో. వెనక కుట్టు దగ్గరే ముందు చిరుగుతుంది.
• వెలుతురుకి ఎదురుగా పట్టిన ఫోటో. చిమ్మట కొట్టిన చిల్లులు తెలిసిపోతాయి.
• లోపలి చుట్టుకొలత. సైజు 7¼ అంటే 58 సెం.మీ. రావాలి. తోలు ముడుచుకుంటే టోపీ బిగుతైపోతుంది, చీటీ మీది సైజు మాత్రం అలాగే ఉంటుంది!

ఫెల్ట్ నాణ్యత చెప్పడానికి టోపీ లోపల వేసే "ఎక్స్" (X) గుర్తులు చూసి ఎగబడొద్దు, వాటి లెక్క కంపెనీకో రకం.

టోపీ చేతికొచ్చాక, చిమ్మటలుంటే చావడానికి, గాలి చొరని కవర్లో వారం ఫ్రీజర్‌లో పెట్టండి. తర్వాత మెత్తని బ్రష్, నూగు వాలిన వైపే. ఆవిరి పట్టేటప్పుడు తోలుకి తగలనివ్వకండి, ముడుచుకుని గట్టిపడుతుంది.

మర్చిపోవద్దు: 1941 చివర్లో అమెరికాలో ఆపేదాకా ఫెల్ట్ తయారీలో పాదరసం వాడేవాళ్లు. అంత పాతదైతే ఆవిరి జోలికే వెళ్లొద్దు. దులిపేటప్పుడు మాస్క్, గ్లవ్స్ ఉండాల్సిందే.

ఫోటోలు రాగానే ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.