పొందూరు పెద్దావిడకి, రాజాం వైపు ఆ ఆడపడుచుకి, మీ అందరికీ నా నమస్కారాలు

అందరికీ నమస్కారం.

రెండు నెలల కిందట "1966లో పొందూరులో నూలు వడికిన ఒక అమ్మాయి ఆచూకీ కావాలి" అని పోస్టు పెట్టిన విజయనగరం మేష్టార్ని నేనే. ఆవిడ ఆచూకీ తెలిసింది. క్షేమంగా ఉంది. మొన్న ఆదివారం వెళ్లి, చూసి, మాట్లాడి వచ్చాను.

నాకు ఎనభై ఏళ్లు. చెయ్యి వణుకుతుంది, ఫోన్లో అక్షరాలు నొక్కలేను. నేను చెబుతుంటే మా మనవరాలు టైపు చేస్తోంది. సాయం చేసిన వాళ్లందరి పేర్లూ రాయాలనే ఉంది. కానీ అడక్కుండా ఒకరి పేరు పదిమందిలో పెడితే ఏమవుతుందో ఈ రెండు నెలల్లో నాకు బాగా తెలిసొచ్చింది. అందుకే ఎవరి పేరూ రాయడం లేదు. చదువుతుంటే ఇది మన గురించేనని మీకే తెలుస్తుంది.

చాలామంది ఫోన్ చేసి "అసలేం జరిగింది మేష్టారూ" అని అడిగారు. ఇంత సాయం చేసిన వాళ్ల దగ్గర దాచడం బాగోదు, చెబుతాను.

1966లో నాకు 21 ఏళ్లు. పొందూరు దగ్గర ఒక పల్లెలో పంచాయతీ సమితి స్కూల్లో ఉద్యోగం వచ్చింది. అప్పటికి విజయనగరం జిల్లా లేదు, అది 1979లో ఏర్పడింది. మా ఊరు విశాఖ జిల్లాలో, పొందూరు శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి. పొందూరులోనే ఒక పెంకుటింట్లో వీధి గది అద్దెకి తీసుకున్నాను. ఆ వీధిలో ఏ అరుగు మీద చూసినా రాట్నమే. ఎదురింట్లో తల్లీ కూతురూ వడికేవారు. ఆ కూతురే నేను వెతికిన అమ్మాయి.

పొందూరు ఖద్దరు కట్టినవాళ్లు చాలామంది ఉంటారు గాని, అది ఎలా తయారవుతుందో దగ్గరుండి చూసినవాళ్లు తక్కువ. కొండపత్తిని గింజ తీయకముందే వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ ఎముకకి సన్నటి పళ్లు ఒత్తుగా వరసగా ఉంటాయి. ఇనప దువ్వెనకి రాని పని దానితో అవుతుంది. నలక పోయి, పోగులు పట్టులా సాగుతాయి. ఆ దవడలు రాజమండ్రి వైపు నుంచి తెప్పించుకునేవారు. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, అవి నలగకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని రాట్నం ముందు కూర్చునేవారు. 24 ఆకుల చక్రం, ఆకులంటే చక్రం నడుమ చువ్వలు. వంద కౌంటు నూలు, అంటే చాలా సన్నటిది. ఆవిడ కుడిచేతి బొటనవేలి పక్కన ఆ చేప పళ్లు గీరుకున్న తెల్లటి గీతలు ఉండేవి. అవి ఇప్పటికీ నా కళ్లకి కడతాయి.

వాళ్ల అన్నయ్య ఖరగ్‌పూర్‌లో రైల్వే పనికి వెళ్లాడు. ఉత్తరం వస్తే ఇంట్లో చదివేవాళ్లు లేరు. నా దగ్గరికి తెచ్చేవారు, చదివి జవాబు రాసిపెట్టేవాణ్ణి. నాలుగైదు ఉత్తరాలయ్యాక ఆవిడే అడిగింది, "నాకు అక్షరాలు నేర్పండి మేష్టారూ, అన్నకి నేనే రాసుకుంటాను" అని. వాళ్లమ్మ పక్కనుండగానే అరుగు మీద పలక పెట్టి దిద్దించాను. ఆర్నెల్లు తిరక్కుండా సొంతంగా ఉత్తరం రాసింది. ఆ ఆర్నెల్లలోనే మా ఇద్దరికీ విషయం తెలిసిపోయింది. పైకి ఎవరమూ అనలేదు. సంక్రాంతి సెలవులకి ఇంటికి బయల్దేరేటప్పుడు మాత్రం నేను చెప్పాను, నాన్నగారితో మాట్లాడి కనుమ మర్నాటికి వచ్చేస్తానని. ఆవిడ పత్తి దువ్వే దవడ ఒకటి కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. "మీ అమ్మగారికి చూపించండి, మా పనేటో తెలుస్తాది" అంది.

నేను తిరిగి వెళ్లలేదు.

నాన్నగారు కులం అన్నారు, పరువు అన్నారు. నేను తల వంచుకున్నాను. ఉద్యోగం మానిపించి మాఘమాసంలో పెళ్లి చేసేశారు. ఆయన్ని అనడానికి లేదు, నోరు విప్పని పిరికితనం నాది. కనీసం ఒక కార్డు ముక్క రాసి ఉండాల్సింది. చదవడం నేర్పింది నేనే కదా, రాస్తే ఆవిడే చదువుకునేది. అదీ రాయలేదు. ఇన్నేళ్లూ నన్ను తినేసింది ఆ రాయని ఉత్తరమే.

మా ఇంటావిడకి పెళ్లయిన కొత్తలోనే అంతా చెప్పేశాను. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ దెప్పలేదు. మా ఇంట్లో భోగికి అటకమీద పాత సామానంతా దింపి మంటలో వేసేవాళ్లం. ఆ దవడ ఉన్న రేకు డబ్బా చేతికి వచ్చినప్పుడల్లా తనే తీసి పక్కన పెట్టేది. యాభై భోగులు అలా పక్కన పెట్టింది. ఆరేళ్ల కిందట పోయింది. పోయే ముందు, ఒంట్లో ఓపిక లేని రోజుల్లో, "ఆ అమ్మాయి ఎలా ఉందో ఒకసారి కనుక్కోకూడదుటండీ" అంది. నా మొదటి నమస్కారం తనకే.

ఇక వెతుకులాట. మనవరాలు పోస్టు పెడితే రెండ్రోజుల్లో ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది. హైదరాబాద్ నుంచి, ఖరగ్‌పూర్ నుంచి, గల్ఫ్‌లో ఉన్న శ్రీకాకుళం కుర్రాళ్ల నుంచి ఫోన్లు. ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన ఒక తెలుగాయన, నన్నెప్పుడూ చూసింది లేదు, అక్కడి పాతకాలం తెలుగు ఇళ్లకి తిరిగి ఆ అన్నయ్య గురించి వాకబు చేశాడు. అన్నయ్య ఎప్పుడో కాలం చేశాడని, పిల్లలు వేరే ఊళ్లకి వెళ్లిపోయారని ఆయన ద్వారానే తెలిసింది. బాబూ, మీ రుణం తీరేది కాదు. ఆవిడ తెలుసని చెప్పి అయిదు వేలు అడిగినవాడూ ఒకడున్నాడు, వీడియో తీస్తాం రమ్మన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంగతి వదిలేద్దాం.

నెల దాటినా ఏమీ తేలలేదు. నేను ఇచ్చింది పుట్టింటి పేరు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిపోతుంది, దాన్ని పట్టుకుని ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఇక లాభం లేదని మా అబ్బాయిని తీసుకుని పాసింజర్ ఎక్కి పొందూరు వెళ్లాను. స్టేషన్ దగ్గర ఆటో ఎక్కితే ఆ అబ్బాయి విషయం విని మధ్యాహ్నం దాకా మాతోనే ఉండిపోయాడు. ఎండలో నేను అడుగు వేయలేకపోతుంటే తనే ముందు వెళ్లి తలుపులు తట్టి, ముసలివాళ్లు ఉన్న ఇల్లు చూసి నన్ను పిలిచేవాడు. అన్ని గంటలు తిప్పి మామూలు కిరాయే తీసుకున్నాడు. నాయనా, నీ బండి, నీ పిల్లలు చల్లగా ఉండాలి.

అలా తట్టిన తలుపుల్లో ఒకటి ఒక పెద్దావిడది. డెబ్బై అయిదు పైనే ఉంటాయి. ఇంకా రాట్నం వదల్లేదు. నేను నా సంగతి మొదలుపెట్టగానే చక్రం ఆపి, కాసేపు తేరిపార చూసి, "ఉత్తరాల మేష్టారు మీరేనా?" అంది. ఆ వీధిలో నన్ను అలా పిలిచేవారని నాకే గుర్తు లేదు. నా గుండె ఆగినంత పనైంది.

"ఎక్కడుందో నాకు తెలుసు. కానీ చెప్పను" అంది. మా అబ్బాయి బతిమాలబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆడమనిషి సంసారం బాబూ. అడక్కుండా చెప్తే తప్పు. కబురు పంపుతాను. రమ్మంటే రండి. వద్దంటే మళ్లీ ఈ గుమ్మం తొక్కకండి."

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చిన ముసలివాణ్ణి ఇలా నిలబెట్టిందేమిటి అనుకున్నాను. రైల్లో తిరిగి వస్తుంటే మెల్లగా తలకెక్కింది. నెల పైగా ఆవిడ పేరు, ఇంటిపేరుతో సహా ఊరూ వాడా తిప్పుతున్నాను. ఆవిడకి పిల్లలున్నారో, ఆ పిల్లలు ఏమనుకుంటారో, అసలు నా మొహం చూడాలని ఉందో లేదో ఒక్కసారైనా ఆలోచించలేదు. అప్పుడు చెప్పకుండా మానేశాను. ఇప్పుడు అడక్కుండా వెతుకుతున్నాను. రెండుసార్లూ నా బాధే చూసుకున్నాను.

తొమ్మిది రోజులు ఏ కబురూ లేదు. ఫోన్ మోగితే కోడలు పరుగెత్తుకొచ్చేది. పదో రోజు పొద్దున్న ఒక ఆడగొంతు: "మేష్టారూ, నేను వాళ్ల అమ్మాయిని. అమ్మ వారం రోజులు ఏటీ చెప్పనేదు. నిన్న రాత్రి రమ్మనమంది. ఆదివారం రండి, మేమందరం ఇంట్లో ఉంటాం. మీ ఇంటి ఆడవాళ్లని తోడు తెచ్చుకోండి. ఫొటోలు వద్దు."

అమ్మా, కన్నతల్లి గురించి ఎవరో ముసలాయన వెతుకుతున్నాడని తెలిస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. నువ్వు ఫోన్ పెట్టేయొచ్చు, పొందూరు పెద్దావిడని నాలుగు మాటలు అనొచ్చు. మీ అమ్మని అడిగావు. ఆవిడ తేల్చుకునేదాకా తొందర పెట్టకుండా ఆగావు. ఈ పోస్టు రాయిస్తున్నది ముఖ్యంగా నీకోసం, ఆ పొందూరు పెద్దావిడ కోసం.

ఆదివారం కోడలితో ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి చీపురుపల్లి మీదుగా రాజాం, అక్కణ్ణుంచి ఆటోలో వాళ్ల పల్లెకి వెళ్లాను. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది. అంటే అప్పట్నుంచీ మాదీ ఆవిడదీ ఒకే జిల్లా.

అరుగు మీద నులకమంచంలో కూర్చుని ఉంది. జుట్టంతా తెల్లబడిపోయింది. కళ్లకి ఆపరేషన్ అయిన లావుపాటి అద్దాలు. బాగున్నావా అని అడగబోయి, అలవాటు తప్పి "బాగున్నారా" అన్నాను. "మీ గొంతు మారనేదు మేష్టారూ" అంది.

కోడలి చేతిలో డబ్బా తీసుకుని మూత తీసి ఇచ్చాను. దవడని బయటికి తీసి బొటనవేలితో పళ్లని ఈ చివర నుంచి ఆ చివరకి తడిమింది. మా ఇంట్లో అదొక గుర్తు, ఆవిడకి పనిముట్టు. "పళ్లు విరిగిపోతున్నాయి. ఇంక పత్తి దువ్వడానికి పనికిరాదు" అంది. అని తిరిగి ఇవ్వలేదు. కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

కనుమ మర్నాడు వస్తానని రాలేదు, తప్పు నాదే, ఉత్తరమైనా రాయలేదు, అని చెప్పాలనుకున్నవన్నీ చెప్పాను. బస్సులో వల్లెవేసుకున్నట్టు రాలేదు, మాట మధ్యలో తెగిపోయింది. ఆవిడ అడ్డు రాకుండా విన్నది. తర్వాత అంది, "మూడు రోజులు చూసినాను. నాలుగో రోజు రాట్నం దగ్గర కూకున్నాను. పని ఆగుతాదా?"

కాసేపటికి తనే మళ్లీ మాట కలిపింది. భర్త మంచివాడట, పన్నెండేళ్ల కిందట పోయాడట. నూలు డబ్బులు తీసుకునే చోట అందరూ వేలిముద్రలు వేస్తుంటే తను ఒక్కర్తే సంతకం పెట్టేదట. ఆ మాట చెప్పేటప్పుడు మొహం నా వైపు తిప్పింది.

పనసపొట్టు కూరతో అన్నం పెట్టారు. కోడలూ, ఆ అమ్మాయీ అక్కచెల్లెళ్లలా ఒకే చోట కూర్చుని తిన్నారు. మూడు గంటల బస్సుకి బయల్దేరాం. మళ్లీ రమ్మని ఆవిడ అనలేదు, వస్తానని నేనూ అనలేదు. ఈసారి నిలబెట్టుకోలేని మాట ఇవ్వదలుచుకోలేదు.

గుమ్మం దిగుతుంటే ఒకటి అడిగింది, తన పేరు అందరి ఫోన్లలోంచి తీయించమని. నా పోస్టు ఆ రాత్రే తీసేశాం. మీలో దాన్ని పంచుకున్నవాళ్లు, సేవ్ చేసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఈ రోజే తీసేయండి. తీసేశాక మనవరాలికి ఒక మెసేజ్ పెట్టండి, అది నాకు చదివి వినిపిస్తుంది.