వార్షిక నివేదిక: మన తెలుగు మాన్యువల్ పుస్తకం పని ఎంతవరకు వచ్చింది

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలి కాబట్టి రాస్తున్నా, కానీ ఈసారి నిజంగా సంతోషంగా రాస్తున్నా, ఎందుకంటే మూలన పడున్న మన తెలుగు మాన్యువల్ డాక్‌బుక్ (పుస్తకాన్ని ట్యాగులతో రాసే ఎక్స్‌ఎంఎల్ పద్ధతి) ఫైళ్లన్నీ ఇప్పుడు ఒక్క ఎర్రర్ లేకుండా వ్యాలిడేట్ అవుతున్నాయి, అంటే ట్యాగుల తనిఖీలో పాసవుతున్నాయి.

ఇంతకుముందు ఎవరికి తోచిన ఎడిటర్‌లో వాళ్లు రాసి పంపేవాళ్లు, తీరా పీడీఎఫ్ చేయబోతే ఆగిపోయేది. ట్యాగులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌ఎంఎల్‌లింట్ అనే ప్రోగ్రాం పెట్టాక తేడా ఎక్కడుందో లైన్ నంబరుతో చెప్తోంది. కొత్తవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, 40వ లైన్లో తెరిచిన పారా (పేరా) ట్యాగ్ మూయడం మర్చిపోతే అది మొత్తుకునేది సెక్షన్ ముగిసే 90వ లైన్ దగ్గర, ట్యాగ్ తెరిచిన 40వ లైను సంగతి కూడా ఆ మెసేజ్‌లోనే ఉంటుంది, అది చూసుకుని అక్కడికి రావాలి. ఉత్త & గుర్తు కొట్టినా ఫైలు ఆగిపోతుంది. ట్యాగులన్నీ మూసినా ఏది దేంట్లో ఉండాలో అదే ఉందా అని చూడ్డానికి రిలాక్స్ ఎన్‌జీ స్కీమాతో (ఏ ట్యాగ్ ఎక్కడ ఉండొచ్చో చెప్పే నియమాల ఫైలు) జింగ్ అనే తనిఖీ ప్రోగ్రాం నడుపుతున్నాం, డాక్‌బుక్ 5 కి ప్రామాణిక స్కీమా అదే.

ఇక మన రెండు రోజుల ప్రూఫ్‌రీడింగ్ శిబిరం, ఈ ఏడాదికి అదే పెద్ద పండగ. వ్యాలిడేటర్ పాస్ చేసిన ఫైల్లో "ఫాంట్" అని వెతికితే దొరకట్లేదు, కళ్లెదురుగా కనిపిస్తోంది. గుంటూరు నుంచి వచ్చిన అక్క ఒక్కో అక్షరం మీద కర్సర్ జరుపుతూ పట్టుకుంది: అది "ఫా౦ట్". సున్న ం బదులు తెలుగు అంకె ౦ పడింది. చూపుకి ఒకటే, యూనికోడ్‌లో వేరు. అలాగే ఒకరు "సాఫ్ట్‌వేర్" అని, ఇంకొకరు మధ్యలో నాన్‌జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) లేకుండా "సాఫ్ట్వేర్" అని కొట్టారు, సెర్చ్‌కి అవి రెండు మాటలు. ఇవేవీ ట్యాగుల తప్పులు కావు కాబట్టి వ్యాలిడేటర్‌కి పట్టవు. స్పెల్లింగులు చూసే హన్‌స్పెల్ ప్రోగ్రాం పెడితే "ఫైళ్లలోంచి" లాంటి మంచి మాటల కింద కూడా ఎర్రగీత పెడుతోంది, తెలుగు విభక్తులన్నీ దాని డిక్షనరీలో లేవు మరి. అందుకే తెలుగు అక్షరం పక్కన ౦ ఉంటే చూపించే చిన్న స్క్రిప్టు అక్కడే కూర్చుని రాశాం. మిగతాదంతా మనుషులే చదవాలి, చదివారు కూడా, రాత్రి పదకొండు దాకా.

ఇది చెప్పకుండా ఉండలేను. శిబిరానికి పేర్లిచ్చింది ఇరవై మంది, వచ్చింది ఏడుగురు. రానివాళ్లు ముందురోజు ఒక ఫోన్ చేసుంటే వాళ్ల అధ్యాయాలు ఇంకొకరికి ఇచ్చేవాళ్లం. హాలిస్తామని మాటిచ్చిన ఆఫీసువాళ్లు ముందురోజు సాయంత్రం కుదరదన్నారు. అప్పటికప్పుడు తన ఇల్లు ఇచ్చిన మన సభ్యుడికి, రెండు పూటలా భోజనం పెట్టిన వాళ్లమ్మగారికి, ప్రింట్లు తీసిచ్చిన తమ్ముడికి, ఆ ఏడుగురికీ సంఘం తరఫున చేతులెత్తి దండం.

లెక్కలు కోశాధికారి గారు చదువుతారు, కాస్త మిగులే ఉంది, ఆడిట్ అయిపోయింది.

ఇన్‌స్టలేషన్, నెట్‌వర్క్ అధ్యాయాలకి రెండో చదువు ఇంకా కాలేదు. తీసుకునేవాళ్లు ఈ సమావేశంలోనే లేచి చెప్పండి, ఫైళ్లు ఇవాళే ఇచ్చేస్తాను.

– మీ కార్యదర్శి