అంగారకుడి మీద నీళ్ల పంచాయితీ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన నెల పేరెంట్స్ మీటింగులో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల అమ్మానాన్నలు చాలామంది నన్ను ఒకటే అడిగారు. "మేడమ్, శనివారం మధ్యాహ్నం పూట అంగారకుడు, గ్రహాంతరవాసులు అని కథలు ఆడిస్తున్నారంట, ఆ టైములో లెక్కలు చేయించొచ్చు కదా?" అని. అడగాల్సిన ప్రశ్నే. టెన్త్ దగ్గర పడేకొద్దీ ఆ టెన్షన్ మాకూ ఉంటుంది. అందుకే ఈసారి వేరే విషయాలన్నీ పక్కన పెట్టి దీని గురించే రాస్తున్నాను.

ముందు ఆట ఏమిటో చెప్తాను. అంగారకుడి మీద రెండు ఊళ్లున్నాయి అనుకోండి. ఒక ఊరి కింద మంచు ఉంది, అంటే నీళ్లున్నాయి, కానీ కరెంటు చాలదు. రెండో ఊళ్లో సోలార్ పలకలు బోలెడున్నాయి, నీటి చుక్క లేదు. పోనీ భూమికి కబురు పెట్టి న్యాయం చెప్పమందామా అంటే, గ్రహాల దూరాన్ని బట్టి మాట అక్కడికి చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది, జవాబు రావడానికి మళ్లీ అంత. కాబట్టి వాళ్ల గొడవ వాళ్లే తేల్చుకోవాలి. క్లాసును రెండు జట్లు చేస్తాం, ఇద్దరు మధ్యవర్తులుగా ఉంటారు. సైన్సు టీచర్ నిజమైన అంకెలే ఇస్తారు. మనిషికి రోజుకు సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి, 9 కిలోల నీటిని కరెంటుతో విడగొడితే 8 కిలోల ఆక్సిజన్ వస్తుంది, అయితే మీ ఊరి జనాభాకు రోజుకు ఎన్ని నీళ్లు కావాలో మీరే తేల్చండి అంటారు. లెక్కలు ఎక్కడికీ పోలేదు.

మొదటిసారి ఆడించినప్పుడు అరుపులే. "నీళ్లు మా భూమిలో ఉండాయి, మేమెందుకియ్యల్ల?" అని ఒక జట్టు, "అయితే కరెంటు కట్ చేస్తాం, చీకట్లో కూర్చోండి" అని ఇంకో జట్టు. మధ్యవర్తుల మాట వినేవాళ్లే లేరు. అప్పుడు టీచర్ తీర్పేమీ చెప్పలేదు, రెండు జట్లనూ ఒక్కటే అడిగారు: "మీకు నీళ్లు దేనికి?" మంచు ఉన్నవాళ్లకు తాగడానికి, పంటకు. రెండో ఊరివాళ్లు లెక్క వేసి చూసుకుంటే వాళ్లకు ఎక్కువగా కావాల్సింది ఆక్సిజన్ కోసం. అప్పటిదాకా నోరు విప్పని ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకటి వెనక బెంచీలో నుంచి లేచి, "మాకు మీ మంచు వద్దు, మీరు స్నానం చేసి పారబోసే నీళ్లియ్యండి చాలు, కరెంటు మా దగ్గరుంది కదా, శుద్ధి చేసుకుంటాం, మిగిలింది మీకే పంపిస్తాం" అంది. క్లాసంతా ఛీ ఛీ అని నవ్వారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చెమట, మూత్రంతో సహా సుమారు 98 శాతం నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడుకుంటున్నారని టీచర్ చెప్పాక ఆ నవ్వు ఆగింది, బేరం మొదలైంది. నీళ్లు ఎవరివి అన్నచోట బిగుసుకుపోయిన మాట, దేనికి అని అడిగేసరికి కదిలింది.

ఇది మామూలు గొడవల మీదే నేర్పొచ్చు కదా, అంగారకుడు ఎందుకు అంటారేమో. మన అనంతపురం జిల్లాలో పిల్లలకు గొడవలు కొత్తేం కాదు. పొలం గట్టు దగ్గర, బోరు దగ్గర, ఎన్నికలప్పుడు చూస్తూనే ఉంటారు, చూస్తూనే ఒక పక్షం ఎంచుకుంటారు. మా నాయన ఎటుంటే నేనటు. ఆ గొడవనే క్లాసులోకి తెస్తే పిల్లలు మాట్లాడరు, పెద్దవాళ్ల మాటలే మళ్లీ చెప్తారు. కృష్ణరాయబారం మన ఊళ్లలో ఎన్ని రాత్రులు ఆడలేదు! ఐదూళ్లిచ్చినా చాలని అడగడం ఎంత తెలివైన బేరమో పెద్దయ్యాక అర్థమవుతుంది. కానీ ఆ నాటకం చూసే పిల్లవాడికి ఎవరు మంచివాళ్లో ముందే తెలుసు, యుద్ధం తప్పదనీ తెలుసు. అంగారకుడి మీద ఎవరి తాతకూ పగ లేదు, ఎవరి కులమూ లేదు, ముగింపు ఎవరికీ తెలియదు. అక్కడైతే పిల్లలు సొంతంగా ఆలోచిస్తారు. అందుకే సైన్స్ ఫిక్షన్ ఎంచుకున్నాం.

ఆటలో రెండు నియమాలు గట్టిగా పాటిస్తాం. అవతలి జట్టు చెప్పాక మూడు నిమిషాలు ఆగి గానీ జవాబివ్వకూడదు, భూమికి కబురు ఆలస్యంగా చేరినట్టే ఇక్కడా అనుకోమంటాం. మొదట్లో ఈ మూడు నిమిషాలు పిల్లలకు నరకంలా ఉండేది, ఇప్పుడు ఆ టైములో కాగితం మీద రాసుకుంటున్నారు. ఇంకోటి, మధ్యవర్తి ఏ సలహా ఇవ్వాలన్నా ముందు రెండు పక్షాల బాధనూ తన మాటల్లో చెప్పి, వాళ్ల చేత "అవును, అదే" అనిపించుకోవాలి. ఇది పెద్దవాళ్లకే కష్టం. మరుసటి వారం జట్లు మారతాయి, నిన్నటిదాకా తిట్టిన ఊరి తరఫున మాట్లాడాల్సి వస్తుంది.

ఇవన్నీ కథల్లోనే జరుగుతాయా అని పిల్లలు అడిగితే 1975 సంగతి చెప్పాం. అమెరికా, సోవియట్ యూనియన్ ఒకదానికొకటి పడని రోజుల్లో, ఆ ఏడాది జూలై 17న అపోలో, సోయుజ్ నౌకలు అంతరిక్షంలో కలిశాయి. అంతకు ముందు పద్ధతిలో ఒక నౌక చొచ్చుకు వచ్చేది, ఇంకోటి అందుకునేది. ఈ నౌకల కోసం రెండు వైపులా ఒకే రకంగా ఉండే అమరిక తయారు చేశారు, ఎవరైనా చొరవ తీసుకోవచ్చు, ఎవరూ తక్కువ కాదు. అమెరికా వాళ్లు రష్యన్‌లో, రష్యా వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడారు. ఎదుటివాళ్ల భాషలో మాట్లాడేటప్పుడు మనిషి నిదానంగా, స్పష్టంగా చెప్తాడు. ఇది వినగానే మా తొమ్మిదో తరగతి వాళ్లు ఒప్పందం కాగితాన్ని ఎదుటి జట్టు చేత రాయించడం మొదలుపెట్టారు!

నాకు అన్నిటికంటే నచ్చింది దుమ్ము తుపాను రోజు. పిల్లలు రోజుకు ఇన్ని లీటర్లు, ఇంత కరెంటు అని అంకెలు రాసుకుని సంతకాలు చేశారు. టీచర్ వచ్చి గ్రహమంతా దుమ్ము కమ్మింది అన్నారు. 2018లో నిజంగానే కమ్మింది, అంగారకుడి మీద తిరిగిన నాసా బండి ఆపర్చునిటీ రోవర్ దాంతోనే మూగబోయింది. కరెంటు పడిపోయింది, ఒప్పందం చిరిగిపోయింది. అప్పుడు సోషల్ సార్ హెచ్చెల్సీ, అంటే తుంగభద్ర ఎగువ కాలువ ముచ్చట తీశారు. తుంగభద్ర డ్యామ్ కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 105 దగ్గరుంది. హెచ్చెల్సీ కింద మన రాష్ట్రానికి కాగితం మీద 32.5 టీఎంసీలు. డ్యామ్‌లోనే తగ్గితే ఆ అంకె పూర్తిగా ఎలా వస్తుంది? అందుకే తుంగభద్ర బోర్డు ఏటా వచ్చే నీటిని అంచనా వేసి దామాషాలో పంచుతుంది. కాలువ పక్కనే పెరిగిన పిల్లలకు ఆ మాట వెంటనే ఎక్కింది. అంకెలు కొట్టేసి, వచ్చినదాంట్లో ఎవరికి ఎంత వంతు అని తిరగరాశారు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక గురించి కూడా సార్ చెప్పారు. కోస్తా, సీమ నాయకులు మద్రాసులో కూర్చుని, తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీళ్లలో సీమకు మొదటి ప్రాధాన్యం అని రాసుకున్నారని. "దాన్ని అమలు చేయించేదెవరు సార్?" అని ఒక పిల్లవాడు అడిగాడు. ఆ ప్రశ్న నుంచి పిల్లల కాగితంలో కొత్త షరతు వచ్చింది: మాట తప్పితే ఎవరు చూడాలి, మళ్లీ ఎప్పుడు కూర్చోవాలి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కొట్టినవాడితో, ఏడిపించినవాడితో రాజీ పడమని మేం నేర్పడం లేదు. మీ బిడ్డను ఎవరైనా వేధిస్తుంటే అది బేరానికి సంబంధించిన విషయం కాదు, నేరుగా నా దగ్గరికి రండి.

మీరు ఇంట్లో చేయగలిగింది ఉంది. పిల్లలు ఫోను కోసం కొట్లాడుకుంటే వెంటనే తీర్పు చెప్పకండి, ఒకరికి దేనికి కావాలో ఇంకొకరి చేత చెప్పించండి, ఒకరికి ఆట, ఒకరికి హోంవర్క్ అయితే దారి దొరుకుతుంది. ఇంకొకటి, దయచేసి వాళ్ల ముందు ఊరి ఫ్యాక్షన్ కథలు మగతనంలా, గొప్పలా చెప్పకండి. ఆ కథల్లో పోయినవాళ్ల పిల్లలు కూడా మన బళ్లోనే చదువుతున్నారు.

వచ్చే శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు తొమ్మిదో తరగతి వాళ్లు సొంతంగా రాసిన కథతో ఆట ఉంది. ఈసారి రెండు జట్లలోనూ తల్లిదండ్రులకు చోటు పెట్టాం. రావాలనుకునేవాళ్లు గురువారం లోపల క్లాస్ టీచర్‌కు పేరివ్వండి. మీ బిడ్డ ఉన్న జట్టులో మిమ్మల్ని వేయం, అవతలి జట్టులోనే కూర్చోవాలి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు