కిట్ల తయారీకి ముందు కొనుగోలు మాట తేల్చండి

సంపాదకుల వారికి నమస్కారములు.

కొవిడ్ కాలంలో పరీక్ష కిట్లను దేశంలోనే తయారుచేసుకోవాలా, దొరికిన చోటి నుంచి తెప్పించుకోవాలా అని రాజకీయ పక్షాల మధ్య మొదలైన వాదం ఇన్నేళ్లు గడిచినా చల్లారలేదు. ఒక పక్షం ఆత్మనిర్భరత గురించి చెబుతుంది, మరో పక్షం వైద్య పరికరాలు, మందులు తయారుచేసే పార్కులు మన తెలంగాణకు ఎందుకివ్వలేదని నిలదీస్తుంది, ఇంకో పక్షం కమీషన్ల లెక్క తేల్చమంటుంది. నల్లగొండ జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రుల ప్రయోగశాలల్లో ఉద్యోగం చేసి విరమించిన నాకు ఈ మూడు వాదాల్లోనూ ఒకటే లోటు కనిపిస్తోంది. మహమ్మారి సమయంలోనే కాక క్షయ, మలేరియా, డెంగీ, హెచ్‌ఐవీ వంటి జాతీయ కార్యక్రమాల్లో కూడా కిట్లను పెద్దఎత్తున కొనేది ప్రభుత్వమే. ఆ ప్రభుత్వం మామూలు రోజుల్లో ఏం కొంటుంది, ఎంత కాలానికి మాట ఇస్తుంది, వచ్చిన సరుకు నాణ్యతను ఎలా చూస్తుంది అన్న ప్రశ్నలు ఏ సభలోనూ వినిపించవు.

2020 జనవరి చివర కేరళలో తొలి కేసు బయటపడిన రోజుల్లో నిర్ధారణకు దేశమంతా పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ వైపు చూడవలసి వచ్చింది. ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ నుంచి, గద్వాల నుంచి కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు మన నమూనాలన్నీ హైదరాబాద్ దారి పట్టాయి. ముక్కులో పెట్టే పుల్ల, దాన్ని ముంచి పంపే ద్రావణం, అందులోంచి వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను వేరుచేసే కిట్, చివరకు ఆ ఆర్‌ఎన్‌ఏ ఉందో లేదో తేల్చే ఆర్‌టీ-పీసీఆర్ మిశ్రమం, వీటిలో ఏ ఒక్కటి అందకపోయినా పరీక్ష ఆగిపోతుంది. మార్చి నాలుగో వారంలో పుణెకు చెందిన మైల్యాబ్ తయారుచేసిన తొలి దేశీయ ఆర్‌టీ-పీసీఆర్ కిట్‌కు అనుమతి వచ్చింది. ఆ తర్వాత కొద్ది కాలానికే హైదరాబాద్‌లోని హ్యువెల్ లైఫ్‌సైన్సెస్ కిట్ కూడా ఆమోదం పొందింది. అంటే మనవాళ్లకు చేతకాక కిట్లు కొరవడ్డాయన్న మాట నిజం కాదు. అవసరం మెడ మీదికి వచ్చేదాకా వాళ్లను అడిగినవారు లేరు.

ఇక ఏప్రిల్‌లో చైనా నుంచి వచ్చిన యాంటీబాడీ ర్యాపిడ్ కిట్ల సంగతిని కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే నేటికీ రెండు వైపులవారూ దాన్నే ఉదాహరణగా చూపుతున్నారు. గ్వాంగ్‌జౌకు చెందిన వోండ్‌ఫో, ఝుహాయికి చెందిన లివ్‌జోన్ కంపెనీల కిట్లు ఏప్రిల్ 16న దేశానికి చేరాయి. వారం తిరగకముందే రాజస్థాన్ ప్రభుత్వం వాటి కచ్చితత్వం 5.4 శాతమేనని ప్రకటించింది. రాష్ట్రాల నుంచి వచ్చిన ఫలితాల్లో 6 నుంచి 71 శాతం వరకు తేడాలు ఉన్నాయని భారత వైద్య పరిశోధన మండలే (ఐసీఎంఆర్) చెప్పి, వాడకం ఆపించి, నెలాఖరుకు కిట్లను వెనక్కి పంపించమంది. అదే సమయంలో దిగుమతిదారుకూ పంపిణీదారుకూ మధ్య తగాదా ఢిల్లీ హైకోర్టుకు ఎక్కడంతో, 245 రూపాయలకు దిగుమతి అయిన కిట్‌ను మండలికి 600 రూపాయలకు అమ్మేందుకు ఒప్పందం కుదిరిన విషయం బయటపడింది. న్యాయస్థానం 400 రూపాయలకు మించరాదని చెప్పింది. ప్రతిపక్షాలు లాభాపేక్ష అన్నాయి, ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా చెల్లించలేదంది.

ఈ గొడవలో పడి అందరూ మరచిన విషయం ఒకటుంది. ఆ కిట్లు వెతికేది వైరస్‌ను కాదు, దాన్ని ఎదుర్కొనేందుకు ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలను. వైరస్ ఒంట్లో చేరిన వెంటనే రక్తంలో అవి కనిపించవు, వారం పది రోజులు పడుతుంది. ఆ కిట్ ఎంత మేలైనదైనా, చైనాలో కాక మన చౌటుప్పల్‌లో తయారైనదైనా, నిన్న సోకిన జబ్బును ఇవాళ పట్టుకోలేదు. ఏ పనికి ఏ కిట్ కావాలో ముందే తేల్చుకుని, చిన్న మోతాదులో పరీక్షించి చూసి, ఆ తర్వాతే లక్షల్లో ఆర్డరు పెట్టవలసింది.

దేశంలో తయారు చేయడమొక్కటే నాణ్యతకు హామీ ఇవ్వదని జూన్‌లో వచ్చిన, వైరస్ ప్రోటీన్‌నే నేరుగా పట్టుకునే యాంటిజెన్ కిట్ చూపించింది. దక్షిణ కొరియాకు చెందిన ఎస్‌డీ బయోసెన్సర్ హర్యానాలోని మానేసర్‌లో తయారుచేసిన ఆ కిట్‌కు 2020 జూన్ 14న అనుమతినిస్తూ, దాని సున్నితత్వం 50.6 నుంచి 84 శాతం మధ్య ఉందని వైద్య పరిశోధన మండలే పేర్కొంది. అంటే వ్యాధి ఉన్నవారిలో సగం మంది దాకా తప్పిపోవచ్చు. అందుకే లక్షణాలు ఉండి నెగెటివ్ వచ్చినవారికి ఆర్‌టీ-పీసీఆర్ తప్పనిసరిగా చేయాలని మండలి స్పష్టంగా చెప్పింది, కానీ ఆ రెండో మాట ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దాకా వచ్చేసరికి బలహీనపడింది. ధర విషయంలోనూ ఇంతే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏప్రిల్‌లో ఇదే కంపెనీ యాంటీబాడీ ర్యాపిడ్ కిట్‌ను 730 రూపాయలకు కొనేందుకు ఒప్పుకోగా, మానేసర్‌లో తయారైన అదే రకం కిట్‌ను ఛత్తీస్‌గఢ్ 337 రూపాయలకే ఖరారు చేసుకుంది. విజయవాడలో మాటల యుద్ధం నడిచింది, ఆ తర్వాత ఎవరు తక్కువకు కొంటే ఆ ధరే చెల్లిస్తామన్న షరతు ఒప్పందంలో ఉందని ప్రభుత్వం వివరణ ఇచ్చుకుంది. ఏ రాష్ట్రం ఎంతకు కొంటున్నదో అందరికీ కనబడేలా ముందే ఒకచోట ఉంచి ఉంటే ఆ రభస పుట్టేదే కాదు.

దేశీయమన్న ముద్ర ఎంత లోతు వరకు నిజమో కూడా చూడాలి. ఆర్‌టీ-పీసీఆర్ కిట్ పెట్టె మీద మన ఊరి చిరునామా ఉండవచ్చు, లోపల రసాయన చర్యను నడిపే ఎంజైములు, వైరస్ జన్యువును గుర్తుపట్టే ప్రైమర్లు, మెరిసే రంగు పూసిన ప్రోబ్‌లు సముద్రాలు దాటి వచ్చినవైతే, అవతలి దేశం ఎగుమతులు ఆపిన రోజున పెట్టె ఖాళీయే. కేంద్రం 2020 జూన్‌లో సవరించిన కొనుగోలు ప్రాధాన్య ఉత్తర్వు స్థానిక విలువ 50 శాతం, ఆపైన ఉన్నవారిని మొదటి తరగతి సరఫరాదారులుగా గుర్తిస్తుంది. మంచి నియమమే, కాని చాలా టెండర్లలో ఆ శాతాన్ని రాసిచ్చేది సరఫరాదారే. వైద్య పరికరాల తయారీకి 2020 మార్చిలో ఆమోదించిన 3,420 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకంలో క్యాన్సర్ చికిత్స యంత్రాలు, స్కానింగ్ యంత్రాలు, మత్తు, గుండె, శ్వాస సంబంధ పరికరాలు, శరీరంలో అమర్చే ఇంప్లాంట్లు ఉన్నాయి. పరీక్ష కిట్లకు చోటు దొరికింది ఆ మరుసటి సంవత్సరం వచ్చిన 15,000 కోట్ల ఔషధ పథకంలో, అదీ మూడో వర్గం కింద.

దేశీయ తయారీ నిలబడాలంటే ఏం కావాలో చూపడానికి ట్రూనాట్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. గోవాకు చెందిన మోల్‌బయో తయారుచేసే ఈ చిన్న యంత్రం బ్యాటరీతో నడుస్తుంది, చిప్‌తో గంటకు అటూ ఇటూగా ఫలితం చెబుతుంది. అది కొవిడ్ కోసం పుట్టలేదు, క్షయ కోసం పుట్టింది. క్షయ నిర్మూలన కార్యక్రమం దాన్ని అంతకు ముందే కొనడం మొదలుపెట్టింది కనుకనే 2020 ఏప్రిల్‌లో కొవిడ్‌కు అనుమతి రాగానే జిల్లాల్లో పనికొచ్చింది. దీనికి మరో పార్శ్వమూ ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. యంత్రాలూ సిబ్బందీ కొవిడ్ వైపు మళ్లిన ఆ సంవత్సరం దేశంలో నమోదైన క్షయ రోగుల సంఖ్య 24 లక్షల నుంచి 18 లక్షలకు పడిపోయింది. లాక్‌డౌన్ కూడా అందుకు కారణమే. అయినా మామూలు రోజులకు సరిపడా కూడా లేని సామర్థ్యాన్ని ఆపదకు మళ్లిస్తే ఏమవుతుందో ఆ అంకెల్లో ఉంది. పుణె వైరాలజీ సంస్థ ఎన్నో ఏళ్లుగా రక్తంలో డెంగీ యాంటీబాడీలను పట్టే ఎలీసా కిట్లను స్వయంగా తయారుచేసి ఎంపిక చేసిన ఆసుపత్రులకు పంపుతోంది. ఏటా వానాకాలం తర్వాత ఆ కిట్ల అవసరం వస్తుందని అందరికీ తెలుసు, ఆ నమ్మకంతోనే తయారీ సాగుతోంది.

మన జిల్లా పేరుతో ప్రపంచానికి తెలిసిన ఒక పద్ధతి ఉంది. ఫ్లోరైడ్ నీటిని పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో శుద్ధి చేసే విధానాన్ని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించింది. దాన్ని నేటికీ నల్లగొండ పద్ధతి అనే పిలుస్తారు, ఆఫ్రికా దేశాల్లోనూ ప్రయత్నించారు. ఇంత పేరున్న పద్ధతి మన పల్లెల్లోనే నిలదొక్కుకోలేదు. ప్రతిరోజూ పటిక కొని వేసే ఏర్పాటు, కలిపే మనిషికి జీతం, మిగిలిన బురదను తీసే బాధ్యత ఎవరిదో తేలనిచోట అది నిలవడం కష్టం. చివరికి ఫ్లోరైడ్ పల్లెలకు ఊరట కృష్ణా నీళ్లతోనే వచ్చింది. కనిపెట్టినవారిని సన్మానించి, రోజువారీ ఖర్చును మరచిపోయే అలవాటు మనకు కొత్త కాదు.

పార్కుల వాదం దగ్గరికి వస్తాను. కేంద్రం ఒక్కొక్కదానికి 100 కోట్ల చొప్పున ప్రకటించిన నాలుగు వైద్య పరికరాల పార్కులు హిమాచల్‌ప్రదేశ్, తమిళనాడు, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్‌లకు వెళ్లాయి. మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ పార్కులు మూడూ హిమాచల్, గుజరాత్, ఆంధ్రప్రదేశ్‌లకు దక్కాయి. తెలంగాణకు ఒక్కటీ ఇవ్వలేదన్న అప్పటి రాష్ట్ర ప్రభుత్వ ఫిర్యాదులో బలం ఉంది. అయితే సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో 2017లోనే రాష్ట్రం సొంతంగా వైద్య పరికరాల పార్కు ప్రారంభించింది కదా, అందులో తయారయ్యే సరుకును మన పీహెచ్‌సీలు ఎంత కొంటున్నాయో ఆ నాయకులూ చెప్పలేదు, వారిని విమర్శించినవారూ అడగలేదు. చౌటుప్పల్, చిట్యాల దారి పొడుగునా, జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల పరిశ్రమలు లేచాయి. భూములు పోయినవారి గోడు, బావుల్లో రంగు మారిన నీళ్లు మనకు మిగిలాయి. 1960లలో ప్రభుత్వం హైదరాబాద్‌లో తన మందుల కంపెనీ ఐడీపీఎల్ పెట్టకపోతే ఇక్కడి రసాయన నైపుణ్యంలో సగం పుట్టేది కాదు. అటువంటి నేలమీద పరీక్షల్లో వాడే రసాయనాలు, అంటే రీఏజెంట్లు తయారుచేయలేమా అన్న సందేహం నాకు లేదు. వాటికి బల్క్ డ్రగ్ అంత నీరూ అక్కర్లేదు, అంత వ్యర్థమూ మిగలదు.

ప్రయోగశాలలో కూర్చున్నవాడికి కొనుగోలు ఎలా కనిపిస్తుందో చెబుతాను. ఎల్‌-వన్ వచ్చినవాడికే టెండరు, అంటే తక్కువ ధర వేసినవాడికే. ఈ సంవత్సరం ఒక కంపెనీ స్ట్రిప్పులు, వచ్చే సంవత్సరం మరో కంపెనీవి. పాత యంత్రానికి కొత్త రీఏజెంట్ సరిపోదు, సరిపోయేది వచ్చినా గడువు రెండు మూడు నెలలే మిగిలి ఉంటుంది. బిల్లులు నెలల తరబడి ఆగితే చిన్న తయారీదారు మళ్లీ టెండరు వైపు చూడడు. ఇటువంటి కొనుగోలుదారును నమ్మి ఎవరైనా ఎంజైముల తయారీకి పెట్టుబడి పెడతారా?

అందుకని నేను కోరేది దిగుమతులపై నిషేధం కాదు. 2020 ఏప్రిల్‌లో పరీక్ష కిట్లపై కస్టమ్స్ సుంకం ఎత్తివేయడం సరైన పనే, ఆపద వేళ ఎక్కడ దొరికితే అక్కడి నుంచి తేవలసిందే. రాష్ట్ర వైద్య సేవల, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ క్షయ, డెంగీ, మధుమేహ పరీక్షల సామగ్రికి ఏడాది టెండర్లు మాని మూడు నుంచి ఐదేళ్ల ఒప్పందాలు చేసుకోవాలి. మొత్తం ఆర్డరు ఒక్కరికే ఇవ్వకుండా ఇద్దరు ముగ్గురికి పంచాలి, అందులో కొంత భాగం ఎంజైములతో సహా ఇక్కడే తయారుచేసేవారికి కేటాయించాలి. ధర కొంచెం ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. ప్రతి బ్యాచ్‌నూ నల్లగొండ, మహబూబ్‌నగర్ వైద్య కళాశాలల్లోనో, బీబీనగర్ ఎయిమ్స్‌లోనో పరీక్షించి ఆ ఫలితాన్నీ, కొన్న ధరనూ బహిరంగంగా ఉంచాలి. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ రూపొందించిన పొడి పుల్ల పద్ధతికి ద్రావణమూ అక్కర్లేదు, ఆర్‌ఎన్‌ఏ వేరుచేసే కిట్టూ అక్కర్లేదు. దానికి 2020 నవంబరులో ఆమోదం వచ్చేసరికి మొదటి ఉద్ధృతి దాటిపోయింది. ఇటువంటి పద్ధతులను పరీక్షించి చూసే ఏర్పాటు జిల్లా కళాశాలల్లోనే ఉంటే అంత ఆలస్యం జరగదు.

వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల శాసనసభ్యుల్లో ఎవరైనా ఒకరు, ఏ పార్టీ వారైనా సరే, ప్రభుత్వ ఆసుపత్రుల పరీక్ష సామగ్రిలో ఏడాదికి మించిన ఒప్పందంతో కొంటున్నది ఎంత, అందులో రాష్ట్రంలో తయారైనది ఎంత, సరఫరాదారులకు బకాయి ఉన్నది ఎంత అని లిఖితపూర్వకంగా అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
నల్లగొండ