బిందుపథం లెక్కలో మిగిలిపోతున్న సగం

సంపాదకులు గారికి, నమస్కారం.

మీ విద్యా పేజీలో వచ్చే బిందుపథం (ఇచ్చిన నియమాన్ని పాటించే బిందువులన్నిటి సమితి) లెక్కల సాధనలు దాదాపు ఒకే తీరున ఉంటున్నాయి. చర బిందువు పి నిరూపకాలను ఎక్స్, వై అనుకోవడం, ఇచ్చిన నియమాన్ని దూర సూత్రంతో రాయడం, వర్గమూలాలు పోయేదాకా వర్గం చేయడం, చివర వచ్చిన సమీకరణాన్నే జవాబుగా చూపడం. ఈ పద్ధతి సరైనదే గానీ, దీనితో పని సగమే అవుతుంది. నియమాన్ని పాటించే ప్రతి బిందువూ సమీకరణాన్ని తృప్తిపరచడంతో పాటు, సమీకరణాన్ని తృప్తిపరచే ప్రతి బిందువూ నియమాన్ని పాటిస్తేనే అది ఆ బిందుపథ సమీకరణం అవుతుంది. ఈ రెండో మాట నిర్వచనంలో చదివి లెక్కలో మరచిపోతున్నాం.

ఎ (-2, 0), బి (2, 0) బిందువుల నుంచి పి దూరాల మొత్తం 4 అనుకుందాం. దూరాల మొత్తం అనగానే దీర్ఘవృత్తం వస్తుందని ఆశించే విద్యార్థి, పిఎ = 4 - పిబి అని రాసి వర్గం చేస్తే పిబి = 2 - ఎక్స్ అని తేలుతుంది. మళ్లీ వర్గం చేస్తే మిగిలేది వై = 0. ఎక్స్ అక్షమే జవాబని రాసేస్తాడు. అయితే అదే అక్షం మీది (5, 0) తీసుకుంటే దూరాలు 7, 3, మొత్తం 10. అసలు బిందుపథం ఎబి రేఖాఖండం మాత్రమే. వర్గం చేసినప్పుడు రుణ గుర్తు చెరిగిపోయి, అక్కర్లేని బిందువులు చొరబడ్డాయి. పిబి దూరం కనుక 2 - ఎక్స్ రుణం కారాదు, పిఎ విలువైన 2 + ఎక్స్ కూడా రుణం కారాదు. ఈ రెండూ గమనిస్తే ఎక్స్ -2, 2 విలువల మధ్యే ఉండాలని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

పిఎ నుంచి పిబి తీసివేస్తే 2 వచ్చే సందర్భంలోనూ ఇదే జరుగుతుంది. సమీకరణం అతిపరావలయం (విడివిడిగా రెండు శాఖలుండే వక్రం) రెండు శాఖలనూ ఇస్తుంది, నియమానికి సరిపోయేది మాత్రం బి వైపు శాఖ ఒక్కటే. ఎబి కర్ణంగా గల లంబకోణ త్రిభుజపు మూడో శీర్షం వృత్తం మీద తిరుగుతుందనే పాత లెక్కలో కూడా ఎ, బిలను మినహాయించాలి, అక్కడ త్రిభుజమే ఏర్పడదు కాబట్టి. ఇది చాదస్తమని నా సహోపాధ్యాయులు కొందరు నవ్వుతారు. తప్పు జవాబును ఒప్పుగా దిద్దడం కంటే చాదస్తమే నయమని నేననుకుంటాను.

కనుక మీరు ప్రచురించే సాధనల్లో సమీకరణం పక్కనే ఎక్స్, వైల హద్దులను, మినహాయించాల్సిన బిందువులను కూడా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. దూరాల భేదం అని అడిగేటప్పుడు పరమ మూల్యమా (ధన, రుణ గుర్తుతో పనిలేని విలువ) కాదా అన్నది ప్రశ్నలోనే స్పష్టం చేస్తే మరీ మంచిది.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయుడు