ఆ ఉత్తుత్తి కిటికీలకూ పన్నుకూ సంబంధం లేదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండ్ పల్లె భవంతుల మీద వచ్చిన వ్యాసం చదివాను. పదహారో శతాబ్దపు సంపన్నురాలు బెస్ ఆఫ్ హార్డ్‌విక్ జీవితాన్ని చెప్పిన తీరు చాలా బాగుంది. అయితే డెర్బీషైర్‌లో ఆమె కట్టించిన హార్డ్‌విక్ హాల్ ఫొటో కింద ‘కిటికీ పన్ను ఎగ్గొట్టడానికి కొన్ని కిటికీల వెనక గోడ కట్టేశారు’ అని వేశారు. అది తప్పు. ఇంగ్లండ్‌లో మూసిన కిటికీ ఎక్కడ కనిపించినా ఇదే మాట అనడం అలవాటైపోయింది. దానివల్ల భవనాలకు నష్టం కూడా జరుగుతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు తేదీలు చూడండి. హార్డ్‌విక్ హాల్ పని 1590లో మొదలైంది. 1597లో బెస్ అందులోకి మారింది. 1608లో చనిపోయింది. ఇంటికున్న కిటికీల సంఖ్యను బట్టి వేసే కిటికీ పన్ను వచ్చింది 1696లో, మూడో విలియం రాజు హయాంలో. అప్పటికి ఆమె పోయి 88 ఏళ్లు.

మరి ఆ అద్దాల వెనక గోడ ఎందుకుంది? పొగగొట్టాల వల్ల. అంతంత పెద్ద కిటికీలు పెడితే బయటి గోడలో మిగిలే రాయి తక్కువ. ఆ కాస్త గోడలోనే ఫైర్‌ప్లేసులు, వాటి పొగ దారులు కూడా తొలిస్తే గోడ నిలవదు. అందుకే వాస్తుశిల్పి రాబర్ట్ స్మిత్సన్ వాటిలో చాలా భాగాన్ని లోపలి గోడల్లోకి తీసుకుపోయాడు. బయటి గోడలకు ఆ భారం తప్పింది. ‘హార్డ్‌విక్ హాల్, గోడకన్నా గాజే ఎక్కువ’ అన్న నానుడి పుట్టడానికి మూలం ఈ ఏర్పాటే. ఆయన గొప్పతనం నాకు ఎక్కువగా కనిపించేదీ ఇందులోనే. ఎక్కడైనా పొగ దారి బయటి గోడకు రాక తప్పకపోతే, అక్కడ కిటికీ మానేస్తే ముఖభాగం వరస చెడుతుంది. కాబట్టి చట్రం, గాజు అన్నీ పెట్టి వెనక గోడ ఉంచేశారు. లోపల దీపాలు వెలిగించినా ఆ గళ్లు చీకటిగానే ఉంటాయి. కొన్నిచోట్ల బయటికి ఒకటే కిటికీ, లోపల దాని వెనక రెండు అంతస్తులు. పైకి పోయేకొద్దీ అంతస్తుల ఎత్తు పెరిగే ఇంట్లో బయటి లెక్క, లోపలి లెక్క కలవాలంటే ఇలాంటి సర్దుబాట్లు తప్పవు.

కిటికీ పన్ను కట్టుకథ అని నేను అనడం లేదు. అంతకుముందు 1662 నుంచి పొయ్యి పన్ను ఉండేది, పొయ్యికి ఏడాదికి 2 షిల్లింగులు. లెక్క కోసం అధికారి ఇంట్లోకి రావాలి, జనానికి అది గిట్టలేదు. 1689లో ఆ పన్ను రద్దయింది. కిటికీలనైతే వీధిలో నిలబడి లెక్కపెట్టవచ్చు. 1696 చట్టం ప్రకారం ఇంటికి 2 షిల్లింగులు, కిటికీలు 10 నుంచి 20 దాకా ఉంటే అదనంగా 4, అంతకు మించితే 8 షిల్లింగులు. 1766లో 7 కిటికీల ఇళ్లకూ పన్ను పాకింది. 1784లో టీ మీద సుంకం బాగా తగ్గించి, ఆ లోటు పూడ్చడానికి కిటికీ పన్ను పెంచారు. 1851 దాకా అది పోలేదు. ఈ కాలంలో కిటికీలు మూసుకున్నవారు నిజంగానే ఉన్నారు. పాలు, జున్ను దాచే గదులకు మినహాయింపు ఉండేది కాబట్టి, కొన్ని పాత ఇళ్లలో కిటికీ పైన ‘డెయిరీ’, ‘చీజ్ రూమ్’ అని రాసిన అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

మరి ఏది పన్ను కోసం మూసింది, ఏది మొదటినుంచీ ఉత్తుత్తిది? ఇటుక ఇంట్లో దగ్గరికెళ్లి కిటికీ పక్క అంచు చూడాలి. తరవాత మూసినదైతే, పూడ్చిన ఇటుకలు పక్క గోడలోకి అల్లుకోవు. పైనుంచి కిందిదాకా ఒకే నిట్టనిలువు అతుకు గీత కనిపిస్తుంది, ఇటుక రంగు, సున్నం రంగు తేడాగా ఉంటాయి. మొదటినుంచీ ఉన్నదైతే వరసలు అంచు తిరిగి లోపలి పలక దాకా తెగకుండా సాగుతాయి. రాతి ఇంట్లో గాజు కూర్చునే గాడి, ఇనుప చువ్వల రంధ్రాలు ఉన్నాయా అని వెతకాలి. అయితే హార్డ్‌విక్‌లాగా ఉత్తుత్తిదానికీ గాజు పెట్టిన ఇంట్లో ఈ పరీక్ష పనికిరాదు, లోపలి గది ప్లానే చూడాలి. ఆ వరసకు సూటిగా కప్పు మీద పొగగొట్టం లేచిందా అని తలెత్తి చూస్తే సగం అనుమానం తీరుతుంది. లోపలివైపు కిటికీ గూడు, షట్టర్ల పెట్టె ఉంటే ఒకప్పుడు వెలుతురు వచ్చిన కిటికీయే.

ఈ తేడా తెలియక, ‘పన్ను పోయింది కదా, తెరిచేద్దాం’ అని సుత్తి పట్టేవాళ్లున్నారు. ఉత్తుత్తి కిటికీ పలక వెనక పొగ దారి ఉంటే, మధ్యలో ఉండేది తరచూ సగం ఇటుక మందం, నాలుగున్నర అంగుళాలే. అది పగిలితే మసి, పొగ, కార్బన్ మోనాక్సైడ్ గదుల్లోకి వస్తాయి. నిజంగా మూసిన కిటికీ తెరవడంలోనూ ప్రమాదం ఉంది. లోపలి చెక్క దూలం తేమకు పుచ్చి, పైబరువంతా ఏనాడో పూడ్చిన ఇటుకల మీద వాలి ఉండవచ్చు. ముందు పైగోడకు ఆనికలు పెట్టి, దూలం చూసి, అవసరమైతే మార్చి, తరవాతే పైవరస నుంచి కొద్ది కొద్దిగా ఇటుకలు తీయాలి. పైగా ఇంగ్లండ్‌లో రక్షిత కట్టడాల జాబితాకెక్కిన భవనంలో అనుమతి లేకుండా ఇలాంటి మార్పు చేయడం 1990 చట్టం ప్రకారం నేరం.

అసలు కిటికీలు ఎలా పాడవుతాయో వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. చిన్న చిన్న గాజు పలకలను సీసపు పట్టీల్లో బిగించి, ఆ పట్టీలను తీగతో అడ్డ ఇనుప చువ్వలకు కట్టి, చువ్వల కొసలను రాతి కమ్ముల్లో దించుతారు. ఎండకు చలికి సీసం అలిసిపోయి గాజు పొట్ట ఉబ్బినట్టు ముందుకొస్తుంది. చువ్వ కొస తుప్పు పడితే ఉబ్బి రాతిని చీలుస్తుంది. ఆ చీలికను సిమెంటుతో పూడిస్తే లోపలికి పోయిన నీరు బయటికి రాలేక తుప్పు ఇంకా పెరుగుతుంది, చలికాలంలో గడ్డకట్టి రాయి పొరలుగా రాలుతుంది. తుప్పు కొస కోసేసి, దాని చోట స్టెయిన్‌లెస్ స్టీల్ లేదా కంచు ముక్క అతికి, సున్నంతో కూర్చోబెట్టడమే సరైన మరమ్మతు.

ఇంకో మాట. గదుల్లో తెరలు దించి ఉంచడం నిర్లక్ష్యమని వ్యాసకర్త నొచ్చుకున్నారు. అది నిర్లక్ష్యం కాదు, కాపాడుకోవడం. 160 అడుగులు దాటిన లాంగ్ గ్యాలరీలో బైబిల్‌లోని గిడియాన్ కథ నేసిన 13 టేపెస్ట్రీలు, అంటే గోడకు వేలాడదీసే బొమ్మల నేత బట్టలు, ఉన్నాయి. ఒక్కొక్కటి దాదాపు 6 మీటర్ల ఎత్తు. బెస్ వాటిని 1592లో మొదటి ఎలిజబెత్ రాణి దగ్గర చాన్సలర్‌గా చేసిన సర్ క్రిస్టఫర్ హాటన్ వారసుడి దగ్గర కొన్నది. ఆ గోడనిండా ఉన్న గాజులోంచి వచ్చే వెలుగే ఉన్ని రంగునూ, పట్టు పోగునూ తినేస్తుంది. ఒకసారి పోయిన రంగు తిరిగి రాదు. అందుకే బట్టలున్న చోట వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) దగ్గర, అంటే మసకగా, ఉంచుతారు. 1959 నుంచి ఇంటిని చూస్తున్న, పాత కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్‌కు ఆ 13 టేపెస్ట్రీల మరమ్మతు పూర్తి చేయడానికి 24 ఏళ్లు పట్టింది, 2023లో ముగిసింది. అంత శ్రమ తరవాత తెరలు ఎత్తి ఉంచమనడం న్యాయం కాదు.

కనీసం మీ వెబ్ ప్రతిలోనైనా ఫొటో కింది వాక్యం తీసేసి, ‘పొగగొట్టానికి చోటిస్తూ, బయటి వరస చెడకుండా 1590లలో పెట్టిన కిటికీ’ అని మార్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
పాత భవనాల మరమ్మతు పనిలో ఉన్న మీ పాఠకుడు